ఒరిగి నిలబడ్డ పబ్, రెండు రోజుల్లో నేలమట్టం

పబ్ అనగానే మనకు జూబ్లీహిల్స్ డీజే మోత గుర్తొస్తుంది. ఇంగ్లండ్ పల్లెల్లో పబ్ అంటే ఊరివాళ్లు ఓ బీరు పెట్టుకుని కబుర్లాడుకునే చోటు. స్టాఫర్డ్‌షైర్‌లోని హిమ్లీ దగ్గరున్న 'క్రూకెడ్ హౌస్' అలాంటిదే. కాకపోతే అది నిటారుగా ఉండేది కాదు.

1765లో దాన్ని రైతు ఇల్లుగా కట్టారు. 1830 ప్రాంతంలో పబ్‌గా మారింది. ఆ భూములు గ్లిన్ కుటుంబానివి కాబట్టి చాలాకాలం 'గ్లిన్ ఆర్మ్స్' అనేవారు. 19వ శతాబ్దపు బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ బావమరిది స్టీఫెన్ గ్లిన్ ఆ ఇంటివాడే. 'బ్లాక్ కంట్రీ' అనే ఆ బొగ్గు ప్రాంతంలో కొన్నిచోట్ల పొర 30 అడుగుల మందం ఉండేది. 19వ శతాబ్దంలో కింద బొగ్గు తవ్వేశారు, పైన నేల కుంగింది. పబ్ ఒక కొస రెండో కొస కంటే దాదాపు 4 అడుగులు దిగిపోయింది. ఇలా నేల కుంగడం అంటే ఏమిటో మన సింగరేణి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

లోపల బల్ల మీద గోళీ పెడితే ఎత్తుకు దొర్లుతున్నట్టు కనిపించేది. నిజానికి గోళీ పల్లానికే పోయేది. గోడలు, కిటికీలు, తలుపులు అన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉండేసరికి ఏది సమతలమో కంటికి అంతుపట్టేది కాదు. ఈ వింత చూడటానికే జనం వచ్చేవారు.

1940లలో భవనం ప్రమాదకరమని కూల్చేయాలన్నారు. వుల్వర్‌హాంప్టన్ అండ్ డడ్లీ బ్రూవరీస్ అనే బీరు కంపెనీ ముందుకొచ్చి గోడలకు ఊతాలు కట్టించి నిలబెట్టింది. ఆ కంపెనీయే తర్వాత మార్‌స్టన్స్ అయింది. అదే 2023 జులైలో పబ్‌ను అమ్మేసింది. ఆగస్టు 5 రాత్రి మంటలు లేచాయి. దారికి అడ్డంగా మట్టిదిబ్బ ఉండటంతో ఫైరింజన్లు దగ్గరికి పోలేకపోయాయి. ఆగస్టు 7న మిగిలిన గోడలనూ యంత్రాలతో పడగొట్టేశారు. భద్రత కోసం పై అంతస్తులో కొంత భాగం తీయడానికే ఒప్పుకున్నామని, మొత్తం కూల్చమనలేదని స్థానిక కౌన్సిల్ చెప్పింది. ఎవరో నిప్పు పెట్టారన్న అనుమానంతో పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టి కొందరిని అరెస్టు చేశారు.

అంత పేరున్న భవనం రక్షిత కట్టడాల జాబితాలో లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే. ఊరంతా మనదే అనుకున్నది కాగితం మీద ఎవరి రక్షణలోనూ లేదు.

2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ నోటీసిచ్చింది: మంటలకు ముందు ఎలా ఉందో అలాగే మూడేళ్లలో తిరిగి కట్టాలని. యజమానులు అప్పీలుకు వెళ్లారు. ఇలాంటి ఆదేశం కొత్తేమీ కాదు. 2015లో లండన్‌లో అనుమతి లేకుండా కూల్చిన కార్ల్‌టన్ టావెర్న్‌ను వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ పట్టుబట్టి మళ్లీ కట్టించింది, 2021లో అది తెరుచుకుంది. అయితే అక్కడి గోడలు నిటారువి. హిమ్లీలో మాత్రం అచ్చం అంతే ఒరిగేలా, జనం ధైర్యంగా లోపల కూర్చునేలా కట్టాలి.