పన్నెండు అక్షరాల కావడి

చిరంజీవులైన పిల్లలకు,

ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకున్న మీకు ఈ నెల విక్టర్ హ్యూగో రాసిన ‘దమేఁ, దే లోబ్’ అనే పద్యం ఇచ్చారనీ, ప్రతి పాదంలోనూ పన్నెండే అక్షరాలుంటాయని టీచరుగారు అంటుంటే మూడో పాదంలో తనకు ఎప్పుడూ పదమూడు వస్తున్నాయనీ మీలో ఒక అమ్మాయి నాకు రాసింది. ఆమె కాగితం చూసి లెక్కపెట్టి ఉంటుంది. ఫ్రెంచి పద్యాన్ని నోటితో లెక్కపెట్టాలి.

ఆ పాదాన్ని పైకి చదవండి: జి-రే-పార్-లా-ఫొ-రే, జి-రే-పార్-లా-మోఁ-తాఞ్. ‘అడవి దారిన వెళ్తాను, కొండ దారిన వెళ్తాను’ అని భావం. చివరి మాటకు స్పెల్లింగులో ‘e’ అనే అక్షరం తోకగా ఉంది. పాదం చివర దాన్ని లెక్కలోకి తీసుకోరు. అదే పాదం నడుమ వచ్చి, దాని తర్వాత హల్లు ఉంటే మాత్రం, మామూలు మాటల్లో మింగేసేదే అయినా, పద్యంలో నిండుగా పలకాలి. మనలాగా గురులఘువుల పట్టింపు వారికి లేదు. అక్షరాల సంఖ్య, ఆరో అక్షరం తర్వాత చిన్న విరామం, పాదాల చివర ప్రాస ఉంటే చాలు.

ఈ పాదాన్ని నీళ్ళ కావడి అనుకోండి. ఇటు ఆరు, అటు ఆరు, నడుమ భుజం. మా చిన్నప్పుడు, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో, గోదావరి నుంచి ఇళ్ళకు కావడితో నీళ్ళు మోసే తాత ఒకడుండేవాడు. ఒక బిందెలో చెంబెడు తగ్గినా బద్ద వాలిపోతుందని రెండింటినీ అంచుదాకా సమంగా నింపేవాడు. భుజం మీద బద్ద కిర్రుమంటూ ఊగేది, ఆ ఊపుకు తగ్గట్టు అడుగు పడేది, అంత నిండు బిందెల్లోనూ నీళ్ళు తొణికేవి కావు. బడిలో బట్టీ పట్టించిన ఫ్రెంచి పాదాలను మేము అతని వెనకాలే నడుస్తూ, ఆ కిర్రుకు సరిపెట్టి వల్లించేవాళ్ళం. వాటి అర్థం మాకు తెలియదు గాని, ఎక్కడ ఆగాలో తెలిసేది. మీరు కూడా ముందు పద్యాన్ని నోటికి రానివ్వండి, నిఘంటువు తర్వాత తెరవొచ్చు. మార్కుల కోసమే ఈ భాష తీసుకున్నారని నాకు తెలియకపోలేదు. పరీక్ష అయ్యాక మీ దగ్గర మిగిలేది మాత్రం నోటికి వచ్చిన నాలుగు పాదాలే.

ఇక అర్థం సంగతి. ఇందులో ‘రే’తో ముగిసే క్రియలు ఏడున్నాయి కాబట్టి భవిష్యత్ కాలం పాఠానికి ఇది చక్కగా పనికొస్తుంది. రేపు తెల్లవారుతూనే బయలుదేరతాను, నువ్వు నా కోసం ఎదురుచూస్తున్నావని తెలుసు అంటాడు కవి. ప్రేయసి దగ్గరికేమో అనుకుంటాం. మొత్తం పన్నెండు పాదాల్లో పదకొండోది వచ్చేదాకా ఆ మనిషి ఎవరో అంతుపట్టదు, అక్కడ ‘నీ సమాధి మీద’ అంటాడు. హ్యూగో పెద్ద కూతురు లియోపోల్దీన్, పెళ్ళయి ఏడు నెలలు తిరగకముందే, 1843 సెప్టెంబరు 4న విల్కియే దగ్గర సేన్ నదిలో పడవ తిరగబడి భర్తతో పాటు మునిగిపోయింది. ఆమెకు అప్పటికి 19 ఏళ్ళు. ప్రయాణంలో ఉన్న తండ్రి కొన్ని రోజుల తర్వాత వార్తాపత్రికలో ఆ కబురు చదివాడు. 1856లో అచ్చయిన సంపుటిలో ఈ పద్యం కింద ఉన్న తేదీ 1847 సెప్టెంబరు 3, అంటే ఆమె వర్ధంతికి ముందురోజు.

ఏడో పాదం దగ్గర నా కావడి పనిచేయదు. ‘సెల్-ఏఁ-కొ-న్యు, ల-దో-కూర్-బే, లే-మేఁ-క్రువా-జే’: ఒంటరిగా ఎవరికీ తెలియనివాడై, వీపు వంగి, చేతులు కట్టుకుని నడుస్తాడట. అలవాటుగా ఆరో అక్షరం తర్వాత ఆగారా, ‘వీపు’ ఇటూ ‘వంగి’ అటూ విరిగిపోతాయి. బరువు నాలుగు, నాలుగు, నాలుగుగా మూడు చోట్ల పడింది. దుఃఖంతో నడిచే మనిషి అడుగు మారితే పద్యం అడుగు కూడా ఇలా మారుతుందా అని, ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇలాంటి పాదం అదే చరణంలో ఇంకొకటి ఉంది. అదేదో నేను చెప్పను; నడుస్తూ, గొంతెత్తి చదువుతూ మీరే పట్టుకోండి. క్రియ నడుమ ఉన్న ‘ష’ను మింగేస్తే మాత్రం అది దొరకదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య