ఇనుము తేలింది, హీలియం మునిగింది

మొన్న మా అన్న కూతుర్ని బిర్లా ప్లానెటేరియంకి తీసుకెళ్తే, షో అయ్యాక నౌబత్ పహాడ్ మెట్లు దిగుతూ అడిగింది: “బాబాయ్, నీలం నక్షత్రాలు చిన్న వయసువి అన్నారు కదా, మరి ముసలి గుంపుల్లో నీలంవి ఎందుకున్నాయి?” భలే పట్టుకుంది!

ముసలి గుంపులంటే గ్లోబులర్ క్లస్టర్లు, బంతిలా ముద్దగా చేరిన నక్షత్రాల గుంపులు. వాటిలో ఒకటైన ఎం13 వయసు దాదాపు 1200 కోట్ల ఏళ్లు. అందులోని నీలంవి పసివి కావు, ముసలితనంలో ఉబ్బి ఎర్రబడే రెడ్ జెయింట్ దశ దాటేసి, పై పొరలు చాలావరకు పోగొట్టుకుని, నడిమధ్యలో హీలియం మండిస్తున్నవి. మీద హైడ్రోజన్ పలచగా మిగిలింది కాబట్టే అంత వేడి, ఆ నీలం.

నన్ను పట్టేసింది మాత్రం వీటి స్పెక్ట్రమ్, అంటే వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ; అందులో ఏ మూలకం ఎంతుందో తెలుస్తుంది. 1999లో కెక్ టెలిస్కోపుతో చూస్తే, ఎం13 మామూలు నక్షత్రాల్లో ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో 30వ వంతే, కానీ ఈ వేడివాటి ఉపరితలం మీద సూర్యుడికి 3 రెట్లు దాకా ఉంది! అంటే దాదాపు వంద రెట్లు పెరిగింది. హీలియమేమో బాగా తగ్గిపోయింది.

మా అమ్మ డాబా మీద కందిపప్పు చెరుగుతుంటే చూస్తా, చేట ఎగరేయగానే పొట్టు గాలికి పోతుంది, గింజ చేటలోకే పడుతుంది. ఇక్కడ వీచే గాలి వెలుతురు. ఇనుము పరమాణువు హీలియం కన్నా 14 రెట్లు బరువు, అయినా పొట్టులా లేచేది అదే, ఎందుకంటే అల్ట్రావయొలెట్‌లో దానికి వేల గీతలున్నాయి (గీతంటే అది వెలుగుని పట్టుకునే ఒక్కో రంగు), నక్షత్రం ఎక్కువ వెలుగు కక్కేదీ అక్కడే, పట్టుకున్న ప్రతి ఫోటాన్, అంటే వెలుగు రేణువు, దాన్ని కాస్త పైకి తోస్తుంది. హీలియం గట్టిగా పట్టుకునే గీతలు ఇంకా దూరపు అల్ట్రావయొలెట్‌లో ఉంటాయి, అక్కడ వెలుగు చాలా తక్కువ, అందుకే గింజలా కిందికి దిగుతుంది. “బరువైంది మునుగుతుంది” అని బడిలో బట్టీ పట్టిస్తాం, దాన్ని ఏది తోస్తోందో కూడా అడగమని పిల్లలకి చెప్పాలి. 1983లోనే జార్జ్ మిషో బృందం ఈ నక్షత్రాల్లో ఇలా జరగాలని లెక్కగట్టింది.

అయితే చెరిగింది మళ్లీ కలియబెడితే అంతా వృథా. ఉపరితలం 11,500 కెల్విన్ దాటాక అక్కడి వాయువు మరిగే నీళ్లలా పైకీ కిందికీ పొర్లడం సద్దుమణుగుతుంది. తమ చుట్టూ తాము తిరగడం కూడా నెమ్మదే, ఎం13లో ఆ 11,500 హద్దుకి ఇవతల, అంటే తక్కువ వేడివాటిలో, సెకనుకు 40 కిలోమీటర్ల దాకా తిరిగేవి ఉంటే, అవతలివి 10 లోపే. అదే 1999లో గ్రుండాల్ బృందం చాలా క్లస్టర్లని కొలిస్తే, అల్ట్రావయొలెట్‌కి దగ్గరి ఫిల్టర్‌లో నక్షత్రాల వెలుగు ఒక్కసారిగా గెంతింది, అన్నిట్లోనూ 11,500 దగ్గరే, అంటే ఈ చెరగడం మొదలయ్యే చోటే.