పర్లాకిమిడి ఫోన్ల బెంచీ మీద తేలిన అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న పర్లాకిమిడిలో పదహారేళ్ళుగా ఫోన్లు బాగు చేస్తున్నాను. కొట్టుకి ఒడియా వాళ్ళొస్తారు, తెలుగు వాళ్ళొస్తారు, ఒక్క వాక్యంలోనే రెండు భాషలూ కలిపేసేవాళ్ళొస్తారు. ఫోను గురించి నమ్మేవి మాత్రం అందరివీ ఒకటే. వీటిలో చాలావరకు పుట్టుకతో అబద్ధాలు కావని నాకు మెల్లగా అర్థమైంది. ఒకప్పుడు అవి నిజాలే. ఫోను మారింది, మాట మారలేదు.

అపోహ: బాటరీ సున్నాకి వచ్చాకే చార్జింగ్ పెట్టాలి.

పాత నికెల్-కాడ్మియం బాటరీలకి ఇది సరిగ్గా సరిపోయే సలహా. సగంలో చార్జింగ్ పెడుతూ పోతే వాటి సామర్థ్యం పడిపోయేది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది లిథియం-అయాన్. సోనీ కంపెనీ 1991లో దీన్ని బజారులోకి తెచ్చింది, దీన్ని తీర్చిదిద్దిన ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. దీనికి ఆ జబ్బు లేదు. పైపెచ్చు, పూర్తిగా దించేయడమే దీనికి పడదు. అయిపోయిన ఫోన్ని బీరువాలో పడేసి ఆర్నెల్ల తర్వాత తెస్తారు. ఈలోగా వోల్టేజి మరీ కిందికి దిగి, బాటరీలోని రక్షణ సర్క్యూట్ తలుపు మూసేసుకుంటుంది. చార్జర్ పెట్టినా చలనం ఉండదు. డీసీ సప్లై అనే బెంచీ పరికరంతో కాస్త తట్టి లేపితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. ఇరవై నుంచి ఎనభై శాతం మధ్య తిప్పుకుంటే దానికి హాయి.

అపోహ: రాత్రంతా చార్జింగులో ఉంచితే బాటరీ ఉబ్బిపోతుంది.

"రాత్తిరల్లా వదిలీసినాను బాబూ, అందుకే ఉబ్బిపోనాది" అంటూ ఒక మామ్మ గారు మొన్న ఫోను బల్ల మీద పెట్టారు. వెనక మూత పూరీలా లేచి ఉంది. నూరు శాతం నిండగానే లోపలి చార్జింగ్ ఐసీ, అంటే చిప్పు, కరెంటు ఆపేస్తుంది మామ్మా, అదేం తప్పు కాదు, ఇంతకీ ఎక్కడ పెట్టారు అన్నాను. "తలగడ కింద." అదీ సంగతి. వేడి పోయే దారి లేక లోపలి ద్రవం విరిగిపోయి వాయువు పుట్టింది. చంపింది వేడి, నింద పడింది చార్జరు మీద. ఉబ్బిన బాటరీని నొక్కకండి, గుచ్చకండి. అంటుకుంటే మంట ఆర్పడం మీ వల్ల కాదు.

పెద్ద వాట్ల చార్జరు చిన్న ఫోన్ని కాల్చేస్తుందా? లేదు. ఫోనూ చార్జరూ ముందు మాట్లాడుకుంటాయి. కుదరకపోతే మామూలు 5 వోల్టులే వస్తాయి. నాసిరకం చార్జరు సంగతి వేరు, దాన్ని ఏ ఫోనుకీ పెట్టకండి.

అపోహ: తడిసిన ఫోన్ని బియ్యంలో పెడితే బాగవుతుంది.

ఇది మాత్రం ఎప్పుడూ నిజం కాదు. కొత్తలో నేనూ చేశాను. ఒకాయన ఫోన్ని రెండు రోజులు బియ్యం డబ్బాలో ఉంచి తీస్తే, హెడ్‌ఫోన్ రంధ్రంలో ఒక నూక చెమ్మకి ఉబ్బి ఇరుక్కుపోయింది. ట్వీజరుతో దాన్ని ముక్కలు ముక్కలుగా లాగడానికి ఒక పూట పట్టింది. ఆపిల్ కంపెనీ కూడా 2024లో బియ్యంలో పెట్టొద్దని చెప్పింది, నలుసులు లోపలికి పోయి పాడు చేస్తాయని.

నీటికన్నా ప్రమాదం, నీరూ కరెంటూ కలిసి ఉండడం. బోర్డు మీద రేకు మూత ఊడదీస్తే తెలుస్తుంది: ఐసీ కాళ్ళ చుట్టూ పచ్చగా పొడి, పాత ఇత్తడి చెంబుకి పట్టిన చిలుము లాగే. అది రాగి తిన్న ఆనవాలు. ఆ పచ్చదనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో తోమాలి, ఏ బియ్యమూ అక్కడికి చేరదు. తడిస్తే వెంటనే స్విచాఫ్ చేయండి, పని చేస్తోందా లేదా అని ఆన్ చేసి చూడకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. వాటర్‌ప్రూఫ్ అనుకుని మహేంద్రతనయ నదిలో సెల్ఫీలకి దిగే కుర్రాళ్ళకి ఒక మాట: ఆ రేటింగు కొత్త ఫోనుకి, మంచినీటిలో, కొద్దిసేపటికి ఇచ్చినది. ఒకసారి విప్పి బిగించిన ఫోనుకి ఆ భరోసా లేదు.

అపోహ: ఆంధ్రా టవర్ పడితే డబ్బులు కోస్తారు.

ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్కనే. ఊరి చివరికి వెళ్తే చాలు, ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం అంటూ మెసేజ్ వచ్చేస్తుంది. టెలికాం లెక్కలో ఒడిశా ఒక సర్కిల్, ఆంధ్రా తెలంగాణా రెండూ కలిపి ఇంకో సర్కిల్. రాష్ట్రం విడిపోయినా ఆ సర్కిల్ విడిపోలేదు. ఒకప్పుడు అవతలి టవర్ పడితే, వచ్చిన ఫోన్‌కాల్ ఎత్తినా డబ్బు పోయేది. 2015 జూన్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ రోమింగ్‌లో వచ్చే కాల్స్ ఉచితం చేసింది, తర్వాత మిగతావాళ్ళూ ఆ దారికే వచ్చారు. అయినా ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు పాతపట్నం సంతకి వెళ్తూ ఫోను ఆపేస్తారు. డబ్బు పోదు గానీ బాటరీ పోతుంది: సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఫోను గొంతు పెంచి అరుస్తుంది. "కొత్త బాటరీ ఏసినా మద్దేన్నానికే అయిపోతంది" అంటే, ముందు మీ ఊళ్ళో ఎన్ని గీతలు పడతాయని అడుగుతాను.

గీతలు నిండుగా ఉంటే కాల్ కలవాలనీ లేదు. రథయాత్ర రోజు చూడండి. టవరు బాగానే వినబడుతుంది, ఖాళీ మాత్రం ఉండదు.

అపోహ: నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.

నెట్ కావలసింది బొమ్మకి, అంటే మ్యాపుకి. మ్యాపు ముందే దించుకుని మహేంద్రగిరి ఎక్కండి, సిగ్నల్ సున్నా ఉన్నా నీలం చుక్క మీతో నడుస్తుంది. ఫోను ఏమీ పంపదు, 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు చెప్పే టైము వింటుంది, అంతే. కనీసం నాలుగింటిని వింటే తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. నాకు భలే ఇష్టమైన సంగతొకటి: ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం అంత ఎత్తులో గడియారం మన గడియారం కన్నా రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని సరిచేయకపోతే రోజు తిరిగేసరికి తప్పు పది కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. పర్లాకిమిడిలో కూర్చున్నవాణ్ణి ఏ కొండ వెనకో చూపిస్తుందన్నమాట.

ఉపగ్రహాల మాటొచ్చింది కాబట్టి, దేశాల మధ్య నెట్ వచ్చేది ఆకాశం నుంచి కాదు. దాదాపు అంతా సముద్రం అడుగున వేసిన తీగల్లోంచే. మనకి ముంబయి, చెన్నై లాంటి చోట్ల అవి ఒడ్డుకి చేరతాయి.

అపోహ: ఫోను పోతే, దొంగ సిమ్ మార్చేస్తే ఇక అంతే.

సిమ్ వేరు, ఫోను వేరు. ప్రతి ఫోనుకీ ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, *#06# కొడితే కనబడుతుంది. పోలీసు ఫిర్యాదు కాగితంతో ప్రభుత్వం వారి సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయిస్తే, ఏ రాష్ట్రంలో ఏ సిమ్ వేసినా దానికి నెట్‌వర్క్ దొరకదు. 2023 మే నుంచి ఇది దేశమంతటా ఉంది. చిక్కల్లా ఫోను పోయాక ఆ నంబరు దొరక్కపోవడమే. డబ్బా ఉందా అంటే, "ఉంది గానీ అందులో సూదీ దారం ఏసీసినాం" అంటారు. పర్వాలేదు, అంకెలు డబ్బా బయట స్టిక్కరు మీదే ఉంటాయి.