మందు మానేసిన మూడో రోజు

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టగానే వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీకి జనం బారులు తీరారు. చేతులు వణికేవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడేవాళ్లు. ‘చుక్క దొరక్క పిచ్చెక్కింది’ అని చాలామంది నవ్వుకున్నారు. నవ్వే విషయం కాదది. రోజూ గట్టిగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

మెదడును నెమ్మదింపజేసే రసాయనం గాబా, ఉరకలెత్తించేది గ్లూటమేట్. మద్యం మొదటిదానికి బలమిచ్చి, రెండోదాన్ని అణుస్తుంది. రెండు పెగ్గులకే టెన్షన్ తగ్గినట్టుండేది అందుకే. నెలల తరబడి రోజూ తాగుతుంటే మెదడు ఎదురు తిరిగి, గాబా మాట వినడం తగ్గించి గ్లూటమేట్ జోరు పెంచుకుంటుంది. తలుపును అటొకరు ఇటొకరు నెడుతుండగా ఒకరు చటుక్కున తప్పుకుంటే రెండోవాడు తూలిపడతాడు కదా, మద్యం ఆపిన మెదడుకు జరిగేదీ అంతే.

చివరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రాత్రి తాగి పడుకున్నవాడు పొద్దున టీ కప్పు అందుకుంటే సగం సాసర్‌లోకి ఒలికిపోతుంది. అరక్వార్టర్ లోపలికి వెళ్లగానే అదే చెయ్యి నిలకడగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అది కక్కుర్తిలా కనిపిస్తుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి జ్వరం, ఎక్కడున్నారో తెలియని అయోమయం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. దిష్టి తీసి పడుకోబెడితే తగ్గేది కాదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

హైదరాబాద్ కల్లుది ఇంకో తంటా. చెట్టు కల్లులో ఆల్కహాల్ తక్కువే. కానీ కాంపౌండ్లలో అమ్మేదాంట్లో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇవీ గాబా మీదే పనిచేస్తాయి. కల్లే కదా అని డాక్టరుకు చెప్పకుండా ఊరుకుంటే వైద్యం లెక్క తప్పుతుంది.

ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మన బస్తీల్లో ఎందరో. తెల్లారే చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తోటి స్వాములు. సిట్టింగ్‌కు రమ్మని పిలిచే స్నేహితుడు కూడా ఆ రోజుల్లో పిలవడు. డాక్టర్లే కూర్చుని రాసినా ఇంతకన్నా మంచి ఏర్పాటు చేయలేరేమో! చిక్కంతా మాల తీశాకే. మళ్లీ తాగడం, మళ్లీ ఆపడం, ఇలా సాగేకొద్దీ ఆపిన ప్రతిసారీ లక్షణాలు ముదురుతాయి. దీన్ని కిండ్లింగ్ అంటారు. నిరుడు వణుకుతో బయటపడ్డవాడికి ఈసారి ఫిట్స్ రావచ్చు. అందుకే పొద్దున్నే తాగందే పని నడవనివాళ్లు మాలకు ముందే డాక్టరును కలవాలి.

చికిత్స పెద్ద రహస్యమేమీ కాదు. మద్యంలాగే గాబాకు బలమిచ్చే క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి, కొద్దిరోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. తోడుగా థయామిన్, అంటే విటమిన్ బీ1. నీరసంగా ఉన్నాడని వీధి చివర క్లినిక్‌లో ఉత్త గ్లూకోజ్ ఎక్కించి పంపేయడం మంచిది కాదు. థయామిన్ లోటున్న మెదడు అలా ఇంకా దెబ్బతినవచ్చు. భర్తకు తెలియకుండా పప్పులో డైసల్ఫిరామ్, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, కలిపి పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఆ మనిషి బయట తాగి వస్తే వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి గుండెకే ముప్పు. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకోవాల్సిన మాత్ర అది.

ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు ఖర్చు కాదు. ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ సీసా వైపు మనసు లాగకుండా ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులున్నాయి, నగరంలో కూడా. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలుపెట్టిన పద్ధతి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మొదటిసారి వెళ్లినవాళ్లు మాట్లాడకుండా కూర్చున్నా ఏమీ అనరు.