పుట్టిన రోజే వేసే హెపటైటిస్-బి టీకా: నేపథ్యం

కాన్పు కాగానే బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలతో పాటు, కాలేయాన్ని (లివర్‌ను) దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ సోకకుండా ఆ టీకా సూది కూడా వేస్తారు. ఆసుపత్రి సిబ్బంది మాటల్లో ఇది జీరో డోసు. 24 గంటల్లోపు పడాలి. అంత తొందర ఎందుకో తల్లిదండ్రులకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. పెద్దయ్యాక రాగల లివర్ కేన్సర్‌ను అడ్డుకునే టీకా ఇది.

అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ 1960ల్లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త యాంటిజెన్‌ను (రోగనిరోధక వ్యవస్థ పరాయిదని పసిగట్టే పదార్థాన్ని) గుర్తించారు. అది హెపటైటిస్-బి వైరస్‌దని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏళ్ల తరబడి కాలేయంలో దాగి ఉండే ఈ వైరస్ సిరోసిస్‌కు (కాలేయం గట్టిపడి పాడవడానికి), కేన్సర్‌కు దారితీస్తుందని కూడా తెలిసింది. తైవాన్ 1984లో వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు టీకా మొదలుపెట్టి, రెండేళ్లలో పసిపిల్లలందరికీ ఇచ్చింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడ 6-14 ఏళ్ల పిల్లల్లో లివర్ కేన్సర్ దాదాపు సగానికి తగ్గింది. టీకాతో కేన్సర్ తగ్గుతుందని లోకం చూసింది అప్పుడే.

మన దేశంలో అడ్డు పడింది ధర. విదేశాల నుంచి వచ్చే టీకా డోసు వందల రూపాయలు పలికేది. మూడు డోసులు, అదీ ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే, మామూలు కుటుంబం కొనగలిగేది కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజినీరు వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో ఆ సంస్థ షాన్‌వాక్-బి తెచ్చింది. జన్యు ఇంజినీరింగ్‌తో దేశంలో తయారైన తొలి టీకా అది. ఈస్ట్ కణాల్లో వైరస్ పైపొర ప్రొటీన్‌ను పెంచి చేస్తారు కాబట్టి దాంట్లో వైరస్ ఉండదు. కొద్దికాలానికే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కూడా ఇలాంటి టీకాతో రావడంతో ధరలు బాగా దిగాయి.

పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ టీకా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లోనే చెప్పింది. మన ప్రభుత్వం 2002లో కొన్ని నగరాలు, జిల్లాల్లో మొదలుపెట్టి, 2007-08లో ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. చవకైన టీకా మన ఊళ్లోనే తయారయ్యాక కూడా అన్నేళ్లు పట్టడం బాధాకరం. ఆ మధ్యలో పుట్టిన ఎందరో ఇప్పుడు టీకా పడని యువకులు.

పుట్టుకతో ఈ వైరస్ సోకిన పిల్లల్లో 90 శాతం దాకా దీర్ఘకాలిక రోగులవుతారు. పెద్దవాళ్లకు సోకితే అలా మిగిలేది 5 శాతం లోపే. పైగా ఈ వైరస్ సోకినా పసిబిడ్డకు దాని వల్ల సాధారణంగా కామెర్లు కనిపించవు, టెన్షన్ పడి ఆసుపత్రికి పరుగెత్తే సందర్భమే రాదు. కామెర్లకు పసరు పోయించే అలవాటు మనకు ఇంకా ఉంది. హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు పోతుంది. బి రకం వైరస్‌ను పసరు వదిలించలేదు.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావలెంట్ (ఐదు రోగాలకు కలిపి ఇచ్చే టీకా)లోనూ ఈ టీకా ఉంది. కానీ కాన్పు సమయంలో తల్లి నుంచి సోకేదాన్ని ఆపడానికి అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే డిశ్చార్జికి ముందే టీకా కార్డులో జీరో డోసు నమోదైందా అని అడగాలి. గర్భిణి రక్తపరీక్షలో వైరస్ ఉందని తేలితే ఆ రిపోర్టు కాన్పు చేసే డాక్టరుకు ముందుగానే చూపించాలి. అప్పుడు బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే ఎదుర్కొనే యాంటీబాడీల) ఇంజెక్షన్ కూడా సిద్ధంగా పెట్టుకుంటారు.