పసిబిడ్డ ఎక్స్‌రేలో ఏది మామూలు, ఏది జబ్బు?

పసిబిడ్డ ఛాతీ ఎక్స్‌రేలో గుండెకు పైభాగాన వెడల్పాటి నీడ కనిపిస్తుంది. అది రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి. ఆ వయసులో అది పెద్దగానే ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. 20వ శతాబ్దం తొలినాళ్ల వైద్యులకు ఈ సంగతి స్పష్టంగా తెలియదు. శవపరీక్షల్లో వారు ఎక్కువగా చూసినవి చాలాకాలం జబ్బుపడి మరణించిన పేదపిల్లల దేహాలు. ఆ జబ్బులకు థైమస్ చిక్కిపోయి ఉండేది. అదే సహజమైన పరిమాణం అనుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గ్రంథిని చూసి వాచిందన్నారు. 1907 నుంచి దాన్ని తగ్గించడానికి రేడియేషన్ ఇవ్వడం మొదలుపెట్టారు. థైరాయిడ్ క్యాన్సర్ సోకిన పిల్లల్లో పలువురు పసితనంలో ఆ చికిత్స పొందినవారేనని 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అనే వైద్యులు గుర్తించారు. ఏ జబ్బూ లేని బిడ్డలకు వైద్యమే జబ్బు తెచ్చిపెట్టింది. నా దృష్టిలో, పిల్లల ఎక్స్‌రేలను మెషిన్ లెర్నింగ్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్‌కు, అప్పగించే ముందు తలచుకోవలసిన చరిత్ర ఇది. యంత్రమైనా మనిషైనా ఎవరి చిత్రాలు చూసి నేర్చుకుంటే వారి శరీరమే కొలమానం అవుతుంది.

ఎముకల వయసు, అంటే ఎముకలు ఏ వయసుకు తగినంత ఎదిగాయో, లెక్కించే పనిలో ఇది బాగా కనిపిస్తుంది. ఎదుగుదల లోపాలు ఉన్నాయేమోనని పిల్లల ఎడమచేతి ఎక్స్‌రే తీసి, గ్రూలిక్, పైల్ 1950లో వెలువరించిన అట్లాస్‌లోని చిత్రాలతో పోలుస్తారు. ఆ చిత్రాలు ప్రధానంగా 1930లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కలిగిన కుటుంబాల తెల్లజాతి పిల్లలవి. ఒకే ఎక్స్‌రేకు ఇద్దరు వైద్యులు రెండు వయసులు చెప్పడం మామూలే. డెన్మార్క్‌లో తయారైన బోన్‌ఎక్స్‌పర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 2009 నాటికే ఈ పనిని కంప్యూటర్‌తో చేయించింది. 2017లో ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం 14,236 చేతి ఎక్స్‌రేలతో పోటీ పెట్టగా, గెలిచిన విధానం సగటు తేడా 4.2 నెలలే. గొప్ప ఫలితమే, సందేహం లేదు. అయితే ఆ తేడాను కొలిచింది రేడియాలజిస్టుల అంచనాలతో, వారి అంచనాలకు ఆధారం మళ్లీ ఆ పాత అట్లాసే.

ఛాతీ ఎక్స్‌రేల విషయంలో, యంత్రానికి నేర్పడానికి పిల్లల చిత్రాల కొరత ఇంకా ఎక్కువ. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు విడుదల చేసిన 1,12,120 చిత్రాల్లో అత్యధికం పెద్దలవే. మరుసటి ఏడాది చైనాలోని గ్వాంగ్‌ఝౌ నుంచి 1–5 ఏళ్ల పిల్లల చిత్రాలు ఐదు వేలకు పైగా వచ్చాయి, న్యుమోనియా గుర్తింపులో ఎందరో పరిశోధకులు వాటిమీదే ఆధారపడ్డారు. పిల్లల చిత్రాలు తక్కువగా ఉండటానికి మంచి కారణమే ఉంది: రేడియేషన్ వారికి ఎక్కువ హాని చేస్తుంది కనుక అవసరమైతే తప్ప ఎక్స్‌రే తీయరు.

క్షయ పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రేలను మనిషికి బదులు సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది, 15 ఏళ్లు, ఆపై వయసువారికి మాత్రమే. ఆ జాగ్రత్త సరైనదే. కానీ చిన్నపిల్లలు కఫం ఉమ్మలేరు, ఎలాగో తీసినా అందులో క్షయ బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది. పెద్దలకంటే వారి విషయంలోనే వైద్యుడు ఎక్స్‌రేను ఎక్కువగా నమ్ముకోవలసి వస్తుంది.