గానుగెద్దూ, నీ తాబేలూ

చిరంజీవులు బన్నీకి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

బన్నీ, నువ్వు ఫోన్‌లో పంపిన బొమ్మ చూశాను. మొదట ఏమిటో అర్థం కాలేదు. పక్కకి ఒరిగిన మూకుడులా కనిపించింది. మీ నానమ్మ అయితే ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, కట్టడం సగంలో ఆపేసిన దడిలా ఉందంది. కింద నీ ప్రశ్న చదివాక తెలిసింది. "తాతయ్యా, మూడు భుజాలూ సమానమైన త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని నువ్వే చెప్పావు. పైథాన్‌లో తాబేలుకి కూడా 60 తిరగమనే చెప్పాను. ఫార్వర్డ్ 100, లెఫ్ట్ 60. మూడుసార్లు. మరి త్రిభుజం రాలేదేం?" చిన్నీ, నీకోసం చెబుతున్నా. పైథాన్ అంటే కంప్యూటర్‌కి పనులు చెప్పే భాష. అందులో తాబేలు అంటే మనం చెప్పినట్టు నడుస్తూ తెర మీద గీత గీసే గుర్తు. ఫార్వర్డ్ అంటే ముందుకు నడవమని, లెఫ్ట్, రైట్ అంటే ఎడమకి, కుడికి తిరగమని.

ఇంకో మాట కూడా రాశావు. చతురస్రం మాత్రం మొదటిసారే వచ్చిందట. అసలు చిక్కంతా ఆ చతురస్రంలోనే ఉందిరా. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ నీ తాబేలుని చూడగానే నాకు మా చెరకు గానుగ గుర్తొచ్చింది. అందుకే కాగితం తీశాను.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇంజన్ గానుగలు లేవు. సంక్రాంతి రోజుల్లో కళ్ళం మధ్య ఇనుప గానుగ నిలబెట్టేవారు. దాని తల మీద పొడుగాటి దూలం, ఆ దూలం చివర ఎద్దు. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే గానుగ తిరిగేది. ఒక మనిషి దాని పక్కనే గొంతుక్కూచుని చెరకు గడలు అందించేవాడు. దూలం మీదికొచ్చినప్పుడల్లా తల వంచేవాడు, చూడకుండానే. ఎద్దు వెనక నడుస్తూ అదిలించడం నా పని. పొద్దు ఎక్కేసరికి కాళ్ళు పీకేవి. అవతల పెనంలో పాకం ఉడుకుతున్న వాసన వస్తుంటే నా మనసంతా అక్కడే ఉండేది. ఒకసారి దూలం ఎక్కి కూచుని నిద్రపోయాను. ఎద్దు కూడా ఆగిపోయింది. మా నాన్న ఏమన్నారో రాయను, చిన్ని కూడా చదువుతుంది కదా.

ఒకరోజు పొద్దున్నే, ఇంకా ఎద్దుని కట్టకముందు, ముందురోజు పడ్డ గిట్టల గుర్తులు చూశాను. దూరం నుంచి చూస్తే గుండ్రని బాట. వంగి దగ్గరగా చూస్తే ఏ అడుగూ వంకరగా లేదు! ఒక్కో అడుగూ తిన్నగానే పడింది. పక్క అడుగు మాత్రం కొంచెం లోపలికి తిరిగి ఉంది. ఎద్దుకి గుండ్రం అంటే ఏం తెలుసు? కొంచెం నడవడం, కొంచెం తిరగడం, అంతే తెలుసు. నీ తాబేలుకీ అంతే తెలుసు.

ఇప్పుడు నీ త్రిభుజం. ఎద్దు 100 అడుగులు నడిచి మూల దగ్గర ఆగిందనుకో. దాని ముక్కు ఎటు ఉంటుంది? వచ్చిన దారిలోనే ఇంకా ముందుకి. వెనక్కి తిరిగి లేదు కదా. నువ్వు 60 తిరగమంటే, ముందుకి చూస్తున్న ముక్కుని 60 తిప్పుతుంది. కానీ పుస్తకంలో 60 అని రాసేది లోపలి కోణానికి, అంటే వచ్చిన గీతకీ వెళ్ళబోయే గీతకీ మధ్య ఉన్న సందుకి. ఆ సందు 60 ఉండాలంటే ఎద్దు ఎంత తిరగాలి? దాదాపు ఇంటిముఖం పట్టినట్టు తిరగాలి. తిన్నని గీత 180, అందులో 60 తీసేయ్, 120. లెఫ్ట్ 120 పెట్టి చూడు. నీ 60తో అయితే ఆరుసార్లు నడిపిస్తేగాని గీత మూసుకోదు, అప్పుడు వచ్చేది షడ్భుజం. నీ మూకుడు అందులో సగం.

మరి చతురస్రం ఎందుకు కుదిరింది? లోపల 90, బయట తిరగాల్సిందీ 90. రెండూ ఒకటే అయ్యేసరికి నువ్వు ఏ కోణం చెబుతున్నావో తేడా తెలియలేదు. తప్పు ఆలోచనకి ఒప్పు జవాబొచ్చింది. బళ్ళో లెక్కలు చెప్పిన ముప్పై ఏళ్ళలో ఇలాంటి జవాబులకి నేను చాలా మార్కులేశాను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాబట్టి ఆ మూకుడు బొమ్మ చెరిపేయకు. చతురస్రం దాచిపెట్టినదాన్ని అదే బయటపెట్టింది.

ఈ తాబేలు నీ పైథాన్‌తో పుట్టింది కాదు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోర్జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష చేశారు. తర్వాత దానికి తాబేలు తోడైంది. తెర మీద కాదు, నేల మీద పాకే నిజం యంత్రం. పెన్ను పెట్టుకుని కాగితం మీద గీసుకుంటూ పోయేది. పాపర్ట్ లెక్కల మనిషి. బొమ్మ రాకపోతే నువ్వే తాబేలువైపోయి నడిచి చూడు అనేవాడు పిల్లలతో. మా ఎద్దుని చూసుంటే ఆయనకి భలే నచ్చేది.

ఒక్కచోట మాత్రం నా పోలిక కుదరదు. ఎద్దుని దూలం పట్టి ఉంచుతుంది. విప్పేస్తే తిన్నగా చెరకు మోపు దగ్గరికే పోతుంది. తాబేలుకి దూలమూ లేదు, తాడూ లేదు. అయినా బయల్దేరిన చోటికే వస్తుంది. ఎలా? మూడుసార్లు 120, నాలుగుసార్లు 90, ఆరుసార్లు 60. కూడి చూడు, అన్నీ 360. ఇంతవరకూ బాగానే ఉందా? ఇప్పుడు ఫార్వర్డ్ 200, రైట్ 144 అని అయిదుసార్లు నడిపించు. నక్షత్రం వస్తుంది. కానీ అయిదు 144లు 720! అంటే తాబేలు రెండుసార్లు చుట్టు తిరిగింది. ఎక్కడ తిరిగిందో నేనిక్కడ చెప్పలేను. చిన్నికి ముగ్గుపిండి ఇచ్చి మేడ మీద నడిపించు, నువ్వు "ముందుకు, కుడికి" అని చెబుతూ ఉండు. చిన్ని కళ్ళు తిరిగి కూలబడితే పాపం నాది.

ఇంకొక్కటి. సర్కిల్ 50, అంటే వ్యాసార్థం 50 ఉన్న గుండ్రం గీయమని కొడితే నీ తాబేలు చక్కటి గుండ్రం గీస్తుంది కదా, దాన్ని నమ్మకు. అన్నిటికన్నా నెమ్మదైన స్పీడ్ 1 పెట్టి, తెరకి దగ్గరగా కూచుని చూడు. మా ఎద్దు అడుగుల్లాగే 20 తిన్నని గీతలు కనిపిస్తాయి. సర్కిల్ 100కి ఎన్ని వస్తాయో లెక్కపెట్టి నాకు రాయి. ఫోన్ చేయొద్దు, ఉత్తరమే రాయి.

మీ తాతయ్య